బోరు నీటి లవణాలు – ఆక్సొలాటల్ పెంపకం

ప్రశ్న: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల బోరు నీటిలో ఆక్సొలాటల్‌ను పెంచేవారు తొట్టిలో ఉప్పు కలపవలసి ఉంటుందా?

జవాబు: మెక్సికోలోని షోచిమిల్కో ప్రాంతానికి చెందిన ఆక్సొలాటల్ జీవితమంతా మొప్పలతో నీటిలోనే గడిపే ఉభయచరం, దాని పలుచని చర్మం గుండా నీరు లోపలికి చేరుతూ, లవణాలు బయటికి పోతుంటాయి గనుక, కాల్షియం, మెగ్నీషియం కరిగివున్న కఠినజలమే దానికి మేలు చేస్తుంది తప్ప, ఖనిజాలు తొలగించిన ఆర్‌ఓ నీరు ఒక్కటే సరిపోదు. ప్రయోగశాలల్లో ఈ లోటు తీర్చడానికి హోల్ట్‌ఫ్రెటర్ ద్రావణాన్ని వాడతారు. పూర్తి గాఢతలో లీటరుకు దాదాపు 3.5 గ్రాముల సోడియం క్లోరైడ్ ఉండే ఈ ద్రావణాన్ని 40 శాతానికి పలుచన చేస్తారు.

గ్రానైటు పగుళ్లలో నిలిచిన ఈ ప్రాంతపు భూగర్భజలంలో ఖనిజాలు తరచు సహజంగానే ఎక్కువగా ఉంటాయి కాబట్టి, కొలవకుండా ఉప్పు వేయడం తగదు. టీడీఎస్ మీటరు కరిగిన పదార్థాల మొత్తాన్నే అంచనా వేస్తుంది. కాఠిన్యాన్ని వేరే కిట్‌తో పరీక్షించాలి. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి గనుక, తగ్గిన మట్టాన్ని ఆర్‌ఓ నీటితో నింపి, వారానికొకసారి ఐదో వంతు నీరు మార్చి, వేసవిలోనూ నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కాపాడడం అత్యవసరం.