కవచం తొడిగిన క్రిమి

చరక సంహిత విమానస్థానంలో ఇరవై విధాల క్రిములను చెబుతూ, రక్తంలో పుట్టే వాటిలో కొన్ని అతిసూక్ష్మమైనందున కంటికి కనబడవని అన్నారు. గురుకులంలో మేము దీనిని వల్లె వేసినవారమే. అయితే ఆ కనబడని క్రిమికి కవచం ఉంటుందనీ, దాని బలమంతా ఆ కవచంలోనే ఉన్నదనీ మా గ్రంథాలలో లేదు. లేనిదానిని ఉన్నదని చెప్పి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. ఇది ఆధునికులు కనుగొన్న విషయం. పసిపిల్లలున్న ప్రతి ఇంటివారూ తెలుసుకోదగినది.

పిల్లలలో న్యుమోనియా కలిగించే క్రిములలో ముఖ్యమైనది న్యుమోకాకస్. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కులోనూ, గొంతులోనూ ఇది తరచుగా ఏ బాధా పెట్టకుండానే నివసిస్తుంది. ఊపిరితిత్తులలోకో, రక్తంలోకో దిగినప్పుడే ఉపద్రవం. దీని చుట్టూ చక్కెర జాతి పదార్థాలు గొలుసులుగా అల్లుకొన్న జారుడు పొర ఒకటి ఉంటుంది. రక్తంలోని తెల్లకణాలు క్రిమిని మింగబోతే ఈ పొర పట్టు చిక్కనీయదు. పొర లేని క్రిమిని అవి సులభంగా మింగివేస్తాయి.

1928లో లండన్‌లో గ్రిఫిత్ అనే వైద్యుడు ఎలుకలపై ఒక పరీక్ష చేశాడు. పొర ఉన్న క్రిములను వేడిచేసి చంపి, పొర లేని సజీవ క్రిములతో కలిపి ఎక్కించాడు. విడివిడిగా ఎక్కిస్తే రెండూ హాని చేయనివే. కలిపి ఎక్కించగా ఎలుకలు చనిపోయాయి. వాటి రక్తంలో పొర తొడిగిన క్రిములు సజీవంగా దొరికాయి! బతికినది చచ్చినదాని చొక్కా తొడుక్కోలేదు. చొక్కా కుట్టే విద్యనే గ్రహించింది. ఆ విద్య ఉన్నది డి.ఎన్.ఏ.లోనని 1944లో న్యూయార్క్‌లో ఏవరీ, మాక్‌లౌడ్, మెకార్టీ నిరూపించారు.

పొరను తయారుచేసే జన్యువులు దాదాపు అన్ని రకాలలోనూ ఒకేచోట వరుసగా ఉంటాయి. కొన్ని చక్కెరలను కూర్చుతాయి, కొన్ని గొలుసును బయటికి పంపుతాయి, మొదటి కొన్ని పొర ఎంత తయారు కావలెనో నియంత్రిస్తాయి. ఈ జన్యువుల తేడాల వలన నూరుకు పైగా పొర రకాలు ఏర్పడ్డాయి. ఒక క్రిమి మరొకదాని జన్యువులను స్వీకరించి పొర మార్చుకోగలదు కూడా. ఒక పొరను గుర్తించిన శరీరం మరొకదానిని గుర్తించకపోవచ్చును.

ఆ పొరలోని చక్కెరను శరీరానికి ముందే పరిచయం చేసేది పి.సి.వి. టీకా. రెండేళ్ళలోపు బిడ్డ శరీరం వట్టి చక్కెరను సరిగా గుర్తుంచుకోలేదు గనుక దానిని మాంసకృత్తుతో జతచేస్తారు. మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై, 2021లో అంతటా ప్రభుత్వం ఉచితంగా ఇవ్వసాగింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదవ నెలలో వేయించవలెను. ఇది అన్ని పొరలకూ పనిచేయదు. ఎక్కువగా ప్రాణం తీసే కొన్నింటిని ఎంచి చేసినది.

టీకాకు బదులుగా ఏదైనా లేహ్యం చెప్పమని కొందరు తల్లులు నన్ను అడుగుతుంటారు. అటువంటి లేహ్యం నా వద్ద లేదు. పెద్దపిల్లల మామూలు జలుబుకు తులసి, అల్లం కషాయం ఇవ్వండి, కాదనను. (ఏడాది నిండని బిడ్డకు తేనె మాత్రం నాకించరాదు.) కానీ దగ్గుతో బిడ్డ ఎగశ్వాస తీస్తుంటే, ఏడుపు లేనప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కించండి. రెండు నెలలలోపు అరవై, ఏడాదిలోపు యాభై, అయిదేళ్ళలోపు నలభై, లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, నా వద్దకు కాదు, ఆ గడియలోనే ఆసుపత్రికి తీసుకొనిపొండి.