క్లచ్ ప్లేటు చేసిన తప్పేమిటి?

తిరుపతి నుంచి తిరుమలకు బస్సులో వెళ్ళేటప్పుడు మీరెప్పుడైనా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారా? వంపు వచ్చినప్పుడల్లా అతను ఎడమ కాలితో ఒక పెడల్ తొక్కుతాడు. ఎడమ చేత్తో గేరు మారుస్తాడు. మళ్ళీ కాలు తీస్తాడు. కొండమీదికి ఎత్తు సుమారు 700 మీటర్లు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేసేదాకా ఆ ఎత్తంతా కాలినడకనో డోలీలోనో ఎక్కవలసిందే. ఇప్పుడు ఆ శ్రమ ఇంజనుది. ఎక్కుడు దారిలో ఆగి ఆగి కదిలే కార్ల వెనక ఒక్కోసారి కాలిన గోనెగుడ్డ వాసన వస్తుంది. అది పెట్రోలు వాసన కాదు, టైరు వాసన కాదు. క్లచ్ ప్లేటు వాసన.

అదే వాసన ఒకసారి తిరుచానూరులో, మా వీధి చివరి కార్ల షెడ్డులో గుప్పుమంది. అక్కడొక చిన్న పెట్రోలు కారును విప్పి పెట్టారు. అది కార్ల పందేల్లో తిరిగే కారు. దాని యజమాని ఇరవై రెండేళ్ళ కుర్రాడు, దిగులుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏందన్నా ఇది! ఆరు నెలల్లో మూడో ప్లేటు. ఈసారి ఇంకా మంచి రకం వేద్దామన్నా."

మేస్త్రీ పాత ప్లేటును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ప్లేటుది తప్పయితే ఒకటి పోతుంది నాయనా. మూడూ ఒకే తీరున పోయినాయంటే ప్లేటును అడిగి లాభం లేదు. నిన్నే అడగాల" అన్నాడు.

అతను ఏమేమి అడిగాడో తెలుసుకునే ముందు, ఇంజను బలం చక్రాల దాకా ఎలా వెళుతుందో చూద్దాం.

పెట్రోలు ఇంజను ఆగి ఉన్న స్థితి నుంచి బండిని లాగలేదు. నిమిషానికి కొన్ని వందల చుట్లయినా తిరుగుతుంటేనే అది బతికుంటుంది. చక్రాలేమో సున్నా నుంచి మొదలుపెట్టాలి. తిరిగేదానికీ తిరగనిదానికీ పొత్తు కుదిర్చేది క్లచ్. ఇంజను చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దానికి ఎదురుగా, రెండు వైపులా గరుకు పూత ఉన్న క్లచ్ ప్లేటు ఉంటుంది. ప్రెషర్ ప్లేటు అనే మరో ఇనుప బిళ్ళ, స్ప్రింగు బలంతో, ఆ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి పోతుంది. మెల్లగా వదిలితే ప్లేటు జారుతూ, రాసుకుంటూ, చివరికి ఫ్లైవీల్‌తో సమంగా తిరుగుతుంది. మీ రెండు అరచేతులూ కలిపి గట్టిగా రుద్దండి. వెచ్చబడ్డాయి కదా? క్లచ్‌లో జరిగేదీ అదే.

క్లచ్ తరవాత గేర్ బాక్సు. చిన్న పళ్ళచక్రం పెద్దదాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది, తిప్పే బలం అంటే టార్క్ పెరుగుతుంది. మన కారులో మొదటి గేరు, చివరి గేరు జత కలిసి 14 రెట్లు తగ్గిస్తాయనుకుందాం. ఇంజను 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఇంజను టార్క్ 60 న్యూటన్ మీటర్లయితే చక్రాల దగ్గర 840. చక్రం వ్యాసార్ధం 0.27 మీటర్లు. 840ని 0.27తో భాగిస్తే, కారును ముందుకు తోసే బలం దాదాపు 3100 న్యూటన్లు. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పుడు క్లచ్‌లో పుట్టే వేడిని లెక్క కడదాం. మీ పదో తరగతి భౌతికశాస్త్రం చాలు.

క్లచ్ జారుతున్నంతసేపూ ఇంజను ఒకే వేగంతో తిరుగుతోందనీ, కారు సున్నా నుంచి సమంగా వేగం పుంజుకుంటోందనీ అనుకోండి. క్లచ్‌కు రెండు వైపులా టార్క్ ఒకటే. కాని తిరిగిన చుట్లు ఒకటి కావు. కారు వైపు వేగం సున్నాలో మొదలై ఇంజను వేగాన్ని అందుకున్నది గనక దాని సగటు ఇంజను వేగంలో సగం. కాబట్టి ఇంజను రెండు చుట్లు తిరిగే వేళకు కారు వైపు ఒక్క చుట్టే. పని అంటే టార్క్‌ను తిరిగిన కోణంతో గుణించడం కనక, ఇంజను ఇచ్చిన పనిలో సగమే కారుకు అందుతుంది. మిగతా సగం? శక్తి ఎక్కడికీ పోదు కదా, అది క్లచ్‌లో వేడిగా మారుతుంది. అంటే కారు ఎంత గతిశక్తి సంపాదిస్తే క్లచ్ అంత వేడిని మింగుతుంది. పెడల్‌ను నిదానంగా వదిలినా, చటుక్కున వదిలినా ఈ వాటా మారదు. నాకు మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. రెండుసార్లు చేసి చూసుకున్నాను.

మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న దీని గురించే. "పందెం మొదలయ్యేటప్పుడు ఇంజను ఎంత మీద పెడతావు?"

"అయిదు వేలు."

మామూలుగా ఊళ్ళో తిరిగేవాళ్ళు 2000 చుట్ల దగ్గర కదిలిస్తారనుకుందాం. 14తో భాగించి చక్రం చుట్టుకొలతతో గుణిస్తే, క్లచ్ పూర్తిగా కలిసేనాటికి కారు వేగం సెకనుకు సుమారు 4 మీటర్లు. 5000 చుట్లయితే 10 మీటర్లు. కారూ మనిషీ కలిసి 800 కిలోగ్రాములు. గతిశక్తి మొదటి పద్ధతిలో 6,400 జౌళ్ళు, రెండో పద్ధతిలో 40,000 జౌళ్ళు. ఇంజను వేగం రెండున్నర రెట్లు పెరిగితే వేడి ఆరుంపావు రెట్లు పెరిగింది. వేగం వర్గంతో ఆట అలాగే ఉంటుంది.

ఈ వేడిని దగ్గరున్న 3 కిలోల ఇనుము పీల్చుకుంటుందనుకోండి. ఇనుము విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 460 జౌళ్ళు. 40,000 జౌళ్ళు ఆ ఇనుమును 29 డిగ్రీలు వేడెక్కిస్తాయి. ఇదేమంత ఎక్కువ కాదే అంటారేమో. మేస్త్రీ రెండో ప్రశ్న వినండి.

"పందెం ముందర రోజు ప్రాక్టీసులో ఎన్నిసార్లు అట్లా కదిలిస్తావు?"

"పదిసార్లుంటాయన్నా. వెంటవెంటనే."

చల్లారే వ్యవధి లేకపోతే పదిసార్లకు 290 డిగ్రీలు! కొంత వేడి గాలిలో కలిసినా, రాపిడి జరిగే పైపొరలో ఉష్ణోగ్రత లోపలికంటే ఎప్పుడూ ఎక్కువే. మేస్త్రీ ప్రెషర్ ప్లేటును మాకు చూపించాడు. దానిమీద నెమలికంఠం రంగులో మచ్చలున్నాయి. మెరుగుపెట్టిన ఉక్కును వేడిచేస్తే పైన పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. 230 డిగ్రీల ప్రాంతంలో అది లేత గడ్డి రంగు, 300 దగ్గర నీలం. కమ్మరులు ఉలికి పదును పెట్టేటప్పుడు ఈ రంగులను చూసే వేడిని పోల్చుకుంటారు. థర్మామీటరు లేకుండానే ఆ ఇనుము తన కథ చెప్పేసింది. ప్లేటు మీద నూనె మరక లేదు కాబట్టి ఇంజను సీలు కారడం లేదు. అరుగుదల చుట్టూ సమంగా ఉంది కాబట్టి బిగింపులో వంకర లేదు. మిగిలింది వేడే.

అయినా ఒక చిక్కు. కుర్రాడు మూడేళ్ళుగా పందేల్లో ఉన్నాడు. మొదటి రెండున్నరేళ్ళు క్లచ్ ఎందుకు పోలేదు? ఇదే మేస్త్రీ మూడో ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే తెలివైనది. "ఆరు నెలల కింద ఏం మార్చినావు?"

అంతవరకు అతను మట్టి మైదానాల్లో పాత టైర్లతో నడిపేవాడు. ఆరు నెలల కిందట కొత్త టైర్లు వేయించి, తారు వేసిన ట్రాకుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి అలాంటి ట్రాకు ఉంది. (అంతకుముందు పందేలు షోళవరంలోని పాత విమానాల రన్‌వే మీద జరిగేవి.) ఆ కారులో ముందు చక్రాల మీద పడే బరువు సుమారు 4700 న్యూటన్లు. మట్టిలో ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే చక్రాలకు దొరికే పట్టు 2350 న్యూటన్లు. ఇందాక గుర్తుంచుకోమన్న 3100 దీనికంటే ఎక్కువ. అందుకని చక్రాలే జారి, దుమ్ము లేపుతూ, క్లచ్‌ను కాపాడేవి. తారు మీద గుణకం 0.9 అయితే పట్టు 4200. చక్రాలు ఇక జారవు. జారవలసింది ఏదో ఒకటి ఉండాలి కదా, క్లచ్ జారింది.

"అయితే స్ప్రింగు గట్టిది వేస్తే సరి!" అన్నాడు కుర్రాడు.

వేయవచ్చు. అప్పుడు క్లచ్ త్వరగా పట్టేస్తుంది. ఫ్లైవీల్‌లో దాగిన శక్తి ఒక్క దెబ్బగా గేరు పళ్ళ మీదా, చక్రాలకు వెళ్ళే ఇరుసుల మీదా పడుతుంది. ఆరు నెలల తరవాత అతను విరిగిన ఇరుసు పట్టుకొని ఇదే షెడ్డుకు వచ్చేవాడు.

ఇలాంటి పొరపాటు మనవాళ్ళకే పరిమితం కాదు. 1989లో ఇటలీ ఫెరారీ జట్టు ఫార్ములా వన్ పందేల్లోకి ఒక కొత్తరకం గేర్ బాక్సును తెచ్చింది. డ్రైవరు చేతులు స్టీరింగు మీదే ఉంచి, దాని వెనకనున్న మీటలను వేళ్ళతో కదిలిస్తే గేరు మారిపోతుంది. రూపకర్త జాన్ బర్నార్డ్. మార్చి 26న బ్రెజిల్‌లో జరిగిన మొదటి పందెంలోనే నైజెల్ మాన్సెల్ ఆ కారుతో గెలిచాడు. ఆ తరవాత కష్టాలు మొదలయ్యాయి. పందెం తరవాత పందెంలో కారు మధ్యలో ఆగిపోయేది. రెండో డ్రైవరు గెర్‌హార్డ్ బెర్గర్ సెప్టెంబరులో ఇటలీ పందెం దాకా ఒక్క పందెమైనా పూర్తి చేయలేకపోయాడు. ప్రమాదాలు కూడా అందులో కొన్నిటికి కారణమే అనుకోండి. అందరి వేలూ కొత్త గేర్ బాక్సు వైపే చూపింది. తీరా వెతికితే, గేర్లను మార్చమని ఆజ్ఞలిచ్చే ఎలక్ట్రానిక్ పెట్టెకు కరెంటు అందడం లేదు. కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరును తిప్పే బెల్టు ఊడిపోతోంది. బెల్టు ఊడడానికి కారణం ఇంజను క్రాంక్ షాఫ్టు అదురు! రోగం ఇంజనులో, బాధ గేర్ బాక్సులో.

అసలు క్లచ్చే లేకపోతే? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో పరుగెత్తినవి అలాంటి కార్లే. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ అందులో గెలిచాడు. విద్యుత్ మోటారు నిలకడ నుంచే పూర్తి టార్క్ ఇవ్వగలదు. అందుకని ఆ కార్లలో మార్చే గేర్లు లేవు, వేగాన్ని తగ్గించే ఒకే ఒక్క పళ్ళచక్రాల జత ఉంటుంది. క్లచ్ వాసన ఆ రోజు ఎవరికీ తగిలి ఉండదు.

తిరుచానూరు కారుకు మేస్త్రీ నాలుగోసారీ అదే రకం మామూలు ప్లేటే వేశాడు. నీలం తిరిగిన ప్రెషర్ ప్లేటును మార్చాడు. పెడల్‌కు ఉండవలసిన కొద్దిపాటి వదులును సరిచేశాడు. 3500 చుట్లకు మించి కదిలించవద్దనీ, ప్రాక్టీసులో రెండు ప్రయత్నాల మధ్య పది నిమిషాలు ఆగమనీ చెప్పాడు. కుర్రాడు గొణిగాడు. కాని కాగితం మీద లెక్క చూపించాక ఊరుకున్నాడు. 3500 చుట్ల దగ్గర కారు వేగం సెకనుకు 7 మీటర్లు. ఆ వేడి 40,000లో ఎన్నో వంతో మీరే కట్టి చూడండి.

మరో ప్రశ్న కూడా ఇస్తున్నాను. క్లచ్‌లో పుట్టే వేడి కారు సంపాదించిన గతిశక్తికి సరిగ్గా సమానమన్నది చదునైన రోడ్డుకు వేసిన లెక్క. ఘాట్ రోడ్డు మీద ఆగి మళ్ళీ ఎత్తుకు కదిలే బస్సులో క్లచ్ వేడి బస్సు సంపాదించిన గతిశక్తిని మించుతుంది. టార్క్‌లో కొంత బస్సు వెనక్కి జారకుండా పట్టి ఉంచడానికే సరిపోతుందని గమనించి, ఎందుకో రాయండి. అలాంటప్పుడు క్లచ్‌ను సగం తొక్కి బస్సును కదలకుండా ఎత్తు మీద నిలిపి ఉంచితే, ఇంజను చేసే పనిలో వేడిగా మారేది ఎంత?