సంపన్న తీరం

పాఠ్యభాగ పరిచయం

తెలుగు వచనంలోని పాత ప్రక్రియలలో యాత్రా రచన ఒకటి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, తాను దాటిన ఊళ్లను, దారులను, నీటి వసతిని, జనుల ఆచారాలను గూర్చి రాసిన 'కాశీయాత్ర చరిత్ర' ఈ ప్రక్రియకు ఒరవడి పెట్టింది. యాత్రికుడు వింతలను చూసి ఆనందించడమే కాక, ఆ నేల మీది మనుషులు ఎట్లా బతుకుతున్నారో కూడా గమనించాలని ఆ గ్రంథం మనకు నేర్పుతుంది. ఆ దృష్టితో మధ్య అమెరికాలోని ఒక చిన్న దేశాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కోస్టారికా రాజధాని శాన్ హోసే. ఆ నగరం నడిబొడ్డున జాతీయ నాటకశాల ఉన్నది. కాఫీ వర్తకంతో సంపన్నులైన ఆ దేశీయులు, యూరపు నగరాలకు తీసిపోని రంగస్థలం తమకూ ఉండాలని కోరి దీనిని కట్టించుకొన్నారు. 1897లో దీనికి ప్రారంభోత్సవం జరిగింది. లోపలి కప్పు మీద ఇటలీ చిత్రకారుడు అలేయార్దో విల్లా వేసిన పెద్ద వర్ణచిత్రం కనిపిస్తుంది. అందులో సముద్రపుటొడ్డున స్త్రీలు కాఫీ పండ్లు ఏరుతుంటారు; మధ్యలో ఒక పురుషుడు అరటిగెలను పట్టుకొని నిలుచుంటాడు. చిత్రం అందమైనదే కాని సత్యమైనది కాదు. ఆ దేశంలో కాఫీ చల్లని కొండసీమల పంట, సముద్రపుటొడ్డున పండదు. ఇక అరటిగెలను పట్టుకొన్న తీరు చూస్తే మన కోనసీమ రైతు ఎవరైనా నవ్వుకొంటాడు. దేశాన్ని ఎరుగని చేయి గీసిన బొమ్మ అది. అయినా కోస్టారికా ప్రజలు దానిని చెరిపివేయలేదు. పైపెచ్చు తమ అయిదు కొలోన్ల నోటు మీద కూడా ముద్రించుకొన్నారు.

దూరం నుండి చూసినవారు ఈ దేశాన్ని పొరపాటుగా ఊహించడం అదే మొదలు కాదు. 1502లో కొలంబస్ తన నాలుగవ యాత్రలో ఈ దేశపు తూర్పు తీరాన లంగరు వేశాడు. అక్కడివారు ధరించిన బంగారు ఆభరణాలను చూసి, ఈ నేలలో బంగారం రాసులుగా ఉంటుందని స్పెయిన్ వారు ఆశపడ్డారు. కోస్టారికా అనే మాటకు 'సంపన్న తీరం' అని అర్థం. ఆశించినంత బంగారం దొరకలేదు. కొండలు, అడవులు, ఎడతెగని వానలు మాత్రం దొరికాయి. స్పెయిన్ సామ్రాజ్యంలో ఇది పేదగా, మారుమూలగా ఉండిపోయింది. 1821లో మధ్య అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన వార్త కూడా ఇక్కడికి సుమారు ఒక నెల ఆలస్యంగా చేరింది. మరి ఈ తీరం సంపద ఏమిటి? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని వెళ్లిన యాత్రికునికే ఆ దేశం తన తలుపులు తెరుస్తుంది.

పడమట పసిఫిక్ మహాసముద్రం, తూర్పున కరేబియన్ సముద్రం, నడుమ అగ్నిపర్వతాల వరుస. ఇదీ ఈ దేశపు రూపం. వైశాల్యం 51,100 చదరపు కిలోమీటర్లు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌లో మూడింట ఒక వంతు కన్నా కొంచెం తక్కువ. జనాభా సుమారు 50 లక్షలు. ఉష్ణమండల దేశం కావటం చేత ఇక్కడ ప్రధానంగా రెండే కాలాలు. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు వానలు లేని రోజులను వారు వేసవి అంటారు. మే నుండి నవంబరు వరకు వానలు కురిసే రోజులను శీతాకాలం అంటారు. మనకు తొలకరి పడే జూన్ నెల వారికి శీతాకాలమన్నమాట! మన మామిడి అక్కడి పెరళ్లలోనూ కాస్తుంది. ఉదయం పూట వారు తినేది అన్నంలో నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించిన 'గాయో పింతో'. అన్నం తినే జాతికి అన్నం తినే జాతి అంత పరాయిది కాదు.

భాష స్పానిష్. ఆ భాషలో 'నీవు', 'మీరు' అనే భేదం మన భాషలో వలెనే ఉన్నది. తక్కిన స్పానిష్ దేశాలలో చాలాచోట్ల గౌరవవాచకాన్ని పెద్దల కోసం, అపరిచితుల కోసం దాచి ఉంచుతారు. కోస్టారికాలో తల్లి బిడ్డనూ, మిత్రుడు మిత్రునీ 'మీరు' అని పిలవటం సామాన్యం. ఎదురుపడినా, వీడ్కోలు తీసుకొన్నా, కృతజ్ఞత తెలిపినా వారు చెప్పే మాట 'పూరా వీదా'. నిండైన జీవితమని దాని భావం.

ఇల్లు వెతుక్కొంటూ వెళ్లినప్పుడు యాత్రికునికి మరొక చిత్రమైన అనుభవం కలుగుతుంది. ఇక్కడ వీధి పేర్లతో, ఇంటి సంఖ్యలతో చిరునామా చెప్పటం తక్కువ. చర్చి నుండి 200 మీటర్లు ఉత్తరం, 50 మీటర్లు తూర్పు అని చెప్తారు. శాన్ పెడ్రో అనే పేటలో ఒక మహావృక్షం ఉండేది. అది మన మర్రి, రావి చెట్ల కుటుంబానికి చెందినది. ఆ చెట్టు ఎప్పుడో పోయింది. అయినా నేటికీ అక్కడివారు 'పాత ఇగెరోన్ చెట్టు నుండి ఇన్ని మీటర్లు' అని దారి చెప్తుంటారు. చెట్టు పోయినా చిరునామా నిలిచి ఉన్నది. దానిని పట్టుకొని ఇల్లు చేరాలంటే, ఆ ఊరి జ్ఞాపకాలను ఎరిగినవారిని అడగక తప్పదు. దేశ పటాన్ని మించినది దేశవాసి మాట అని యాత్రికుడు ఇక్కడ గ్రహిస్తాడు.

ఈ విధంగా అడుగుతూ వెళ్తే రాజధానిలో ఒక పాత కోట వద్దకు చేరుతాం. దాని పేరు బెయావిస్తా. గోడల మీద తుపాకీ గుండ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. 1948లో దేశాధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని శాసనసభ రద్దు చేయటంతో అంతర్యుద్ధం చెలరేగింది. కొద్ది వారాలే సాగినా చాలామంది ప్రాణాలు పోయాయి. గెలిచిన పక్షానికి నాయకుడు హోసే ఫిగెరెస్. గెలిచినవారు సైన్యాన్ని పెంచుకోవటం లోకరీతి. ఆయన 1948 డిసెంబరు 1న ఈ కోటకు వచ్చి, పెద్ద సుత్తితో గోడను కొట్టి, దేశానికి ఇక సైన్యం ఉండదని ప్రకటించాడు. కోట తాళాలు విద్యాశాఖకు అప్పగించారు. 1949 రాజ్యాంగంలోని 12వ అధికరణం శాశ్వత సైన్యాన్ని నిషేధించింది. నాటి సైనిక నివాసం నేటి జాతీయ ప్రదర్శనశాల. తిరుగుబాటుతో తాను గెలిచినట్లే రేపు మరొక సేనాని తనను కూలదోయవచ్చునన్న ముందుచూపు కూడా ఫిగెరెస్ నిర్ణయంలో ఉన్నదని చరిత్రకారులు చెప్తారు. కారణమేదైనా ఫలితం మాత్రం గొప్పది. సైన్యానికి పోవలసిన ధనాన్ని బడులకు, వైద్యానికి మళ్లించటం సాధ్యమైనది. చుట్టుపక్కల దేశాలు యుద్ధాలతో మండుతున్న కాలంలో, ఈ నిరాయుధ దేశపు అధ్యక్షుడు ఆస్కార్ అరియాస్ శాంతి ప్రణాళికను రూపొందించి 1987లో నోబెల్ శాంతి బహుమతిని పొందాడు.

ఆ సుత్తి దెబ్బ దూరదేశాలకూ వినిపించింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అలబామాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు ఉండేవారు. యుద్ధం చేయటం వారి మతానికి విరుద్ధం. సైన్యంలో పేరు నమోదు చేసుకోబోమని చెప్పినందుకు వారిలో కొందరు జైలుకు వెళ్లారు. సైన్యం లేని దేశమొకటి ఉన్నదని తెలిసి, కొన్ని కుటుంబాలవారు 1951లో ఇక్కడికి వలస వచ్చి, మబ్బులు తాకే కొండ మీద స్థిరపడ్డారు. ఆ చోటికి మోంతెవెర్దె, అంటే పచ్చని కొండ, అని పేరు పెట్టారు. పాడి పెంచి జున్ను తయారుచేయటం వారి జీవనోపాధి. వాగుల నీరు ఎండిపోకుండా ఉండాలని కొండ పైభాగంలోని అడవిని నరకకుండా వదిలివేశారు. ఆ అడవే ప్రసిద్ధమైన మేఘారణ్యంగా 1972 నుండి రక్షణ పొందుతున్నది. అక్కడ చెట్లు వానను మాత్రమే కాదు, మబ్బును కూడా తాగుతాయి. ఆకుల మీద, నాచు మీద నిలిచిన మంచు బొట్లుబొట్లుగా రాలి వాగులై పారుతుంది. 1987లో స్వీడన్‌లోని ఒక చిన్న పాఠశాల పిల్లలు ఈ అడవి కథ విని, దానిని కొని కాపాడాలని డబ్బు పోగుచేశారు. అనేక దేశాల బాలలు వారిని అనుసరించారు. ఆ విధంగా ఏర్పడిన 'బాలల శాశ్వతారణ్యం' నేడు 22,000 హెక్టార్లకు పైగా విస్తరించి ఉన్నది.

అయితే ఈ కొండ మీదనే ఒక విషాదమూ జరిగింది. నారింజ రంగులో మెరిసే బంగారు కప్ప ప్రపంచంలో మరెక్కడా లేక, ఈ అడవిలోనే ఉండేది. 1987లో వానలు మొదలు కాగానే అవి వందల సంఖ్యలో గుంటల వద్ద కనిపించాయి. 1989లో ఒకే ఒక్కటి కనిపించింది. ఆ తరువాత ఏదీ కనిపించలేదు. గొడ్డలి తాకని అడవిలోనే అది అంతరించింది. వ్యాధి, వాతావరణంలోని మార్పులు కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కంచె వేసి అడవిని కాపాడవచ్చును. మబ్బుకు కంచె వేయలేము.

కోస్టారికా ఎప్పుడూ పచ్చగానే ఉన్నదనుకోవటం కూడా పొరపాటే. పశువుల మాంసం ఎగుమతికి గిరాకీ పెరగటంతో అడవులను నరికి పచ్చికబయళ్లు చేశారు. నరికి చదును చేసిన భూమి మీదనే హక్కు లభించే పరిస్థితి ఉండటం వల్ల గొడ్డళ్లకు మరింత పదునెక్కింది. 1980ల నాటికి దేశంలో నాలుగింట ఒక వంతు భాగమే అడవి మిగిలిందని అంచనా. తరువాత మాంసం ధరలు పడిపోయాయి, ప్రభుత్వమూ మేలుకొన్నది. 1996 నాటి అటవీ చట్టం అడవిని నరకటాన్ని కట్టడి చేసి, అడవిని నిలిపినవారికి ప్రతిఫలం చెల్లించే పద్ధతిని తెచ్చింది. నీటిని నిలిపినందుకు, గాలిని శుభ్రపరిచినందుకు భూయజమానికి డబ్బు ముడుతుంది. పెట్రోలు, డీజిలుపై వేసిన పన్నులో కొంత భాగం ఇందుకు వినియోగిస్తారు. నేడు దేశంలో సగానికి పైగా భూమి మళ్లీ అడవి. పోయిన అడవిని తిరిగి తెచ్చుకొన్న ఉష్ణమండల దేశాలు అరుదు.

పసిఫిక్ తీరాన ఓస్తియోనాల్ అనే పల్లె ఉన్నది. వానకాలపు రాత్రులలో వేలాది సముద్ర తాబేళ్లు ఒకేసారి ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఇవి మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకు వచ్చే ఆలివ్ రిడ్లే జాతివే. ముందు వచ్చిన తాబేళ్ల గుడ్లను వెనుక వచ్చినవి ఇసుక తవ్వుతూ పాడుచేస్తాయి. కనుక మొదటి రోజుల గుడ్లను కొంతమేరకు ఏరుకొనే హక్కును 1987 నుండి చట్టం ఆ పల్లెవారికి ఇచ్చింది. బదులుగా వారు తీరాన్ని శుభ్రంగా ఉంచి, దొంగల నుండి గూళ్లను, కుక్కల నుండి పిల్లలను కాపాడతారు. ఇట్లాంటి తీరం మీద 2015 సెప్టెంబరులో ఒక అపచారం జరిగింది. వందలాది సందర్శకులు ఇసుక మీద గుంపులు కట్టి, ఫొటోల కోసం తాబేళ్ల దారికి అడ్డం నిలిచారు. కొన్ని తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగాయి. చూడవచ్చినవాడే చూడవలసిన దానిని లేకుండా చేయగలడని ఆ రాత్రి నిరూపించింది.

ఒక దేశాన్ని మెచ్చుకొనేవాడు దాని గుణదోషాలు రెండూ ఎరగాలి. తూర్పు తీరాన లిమోన్ రేవు ఉన్నది. 1871లో మొదలైన రైలుమార్గ నిర్మాణం కోసం జమైకా వంటి దీవుల నుండి నల్లజాతి కూలీలు వచ్చారు. జ్వరాలకు, బురదకు, కొండచరియలకు వేలాది మంది బలి అయ్యారు. మిగిలినవారు అరటితోటలలో చెమటోడ్చారు. అయినా, అరటి కంపెనీ పసిఫిక్ తీరపు తోటలలో నల్లజాతివారికి పని ఇవ్వరాదని 1934లో చట్టమే చేశారు. వారికి పౌరసత్వపు దారి తెరుచుకొన్నది 1949 తరువాతనే. లిమోన్ వీధులలో నేటికీ వినిపించే ఇంగ్లీషు యాస, కొబ్బరిపాలతో వండే అన్నం ఆ చరిత్రను చెప్పకనే చెప్తాయి. ఆ రైలు లేకపోతే నాటకశాలను నిలిపిన కాఫీ సంపద అంత సులభంగా ఓడలకు ఎక్కేది కాదు. కప్పు మీది వర్ణచిత్రంలో మాత్రం ఈ కష్టానికి చోటు లేదు.

సంపన్న తీరం సంపద ఏమిటన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పుకోవచ్చు. అది కొలంబస్ ఊహించిన బంగారం కాదు. సుత్తి దెబ్బ తిన్న ఒక గోడ, నరకకుండా వదిలిన ఒక కొండ, తిరిగి మొలిచిన అడవి, ఆలస్యంగానైనా సరిదిద్దుకొన్న ఒక అన్యాయం. ఇవే దాని ఆస్తులు. ఇవేవీ ప్రకృతి ఊరకే ఇచ్చినవి కావు; మనుషులు తీసుకొన్న నిర్ణయాలు. మరొక దేశానికి వెళ్లినప్పుడు ఏమేమి చూశామని లెక్కపెట్టుకోవటం సులభం. ఈ ప్రజలు దేనిని వదులుకొన్నారు, దేనిని నిలుపుకొన్నారు అని అడగటం కష్టం. అడిగినవానికి ఆ దేశంతో పాటు తన దేశమూ కొత్తగా కనిపిస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఒరవడి - అనుసరించదగిన నమూనా
అధికరణం - రాజ్యాంగంలోని ఒక విభాగం
నిరాయుధ - ఆయుధాలు లేని
మేఘారణ్యం - ఎల్లప్పుడూ మబ్బు కమ్మి ఉండే కొండ అడవి
అపచారం - చేయరాని పని, తప్పు

వ్యాసరూప ప్రశ్నలు

1. కోస్టారికా సంపద దాని నిర్ణయాలలో ఉన్నదని రచయిత అనటాన్ని సోదాహరణంగా వివరించండి.
2. అడవుల విషయంలో కోస్టారికా చేసిన తప్పును, దిద్దుబాటును తెలపండి.

సంగ్రహరూప ప్రశ్నలు

1. నాటకశాలలోని వర్ణచిత్రంలో గల లోపాలేవి?
2. క్వేకర్లు కోస్టారికాకు ఎందుకు వలస వచ్చారు?
3. ఓస్తియోనాల్ పల్లెవారికి చట్టం ఇచ్చిన హక్కు, వారు నెరవేర్చే బాధ్యత ఏవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. కోస్టారికా అనే మాటకు అర్థమేమి?
2. బెయావిస్తా కోట నేడు ఏ విధంగా ఉపయోగపడుతున్నది?
3. బంగారు కప్ప చివరిసారి ఏ సంవత్సరంలో కనిపించింది?

భాషాంశాలు

మేఘారణ్యం = మేఘ + అరణ్యం - సవర్ణదీర్ఘ సంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి - గుణసంధి
సంపన్న తీరం - సంపన్నమైన తీరం - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
గుణదోషాలు - గుణమును, దోషమును - ద్వంద్వ సమాసం