కీబోర్డు మొరాయించినా, గడియారం తప్పినా: డబ్బు ఖర్చు పెట్టే ముందు చేయవలసిన పరీక్షలు



స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, మార్కుల జాబితా అన్నీ ఈరోజు కంప్యూటర్ ముందు కూర్చునే చూసుకోవలసి వస్తోంది. గడువు ఆఖరి రోజున వెబ్‌సైటు తెరుచుకోకపోయినా, పాస్‌వర్డు తప్పు అని వస్తున్నా ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. సైటు పాడైందనో, కంప్యూటర్ పని అయిపోయిందనో అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం రెండు చిన్న భాగాల్లో ఉంటుంది. ఒకటి గడియారం, రెండోది కీబోర్డు. వీటిలో లోపం ఎక్కడుందో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

మొదటి సూత్రం: లోపం యంత్రంలోనా, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనా?

కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు మేలుకునేది బయోస్. ఇది మదర్‌బోర్డు మీద ఒక చిప్‌లో ఉంటుంది. విండోస్ గాని, లినక్స్ గాని ఆ తరువాతే లోడ్ అవుతాయి. అంటే బయోస్ తెర మీద కనిపించే దానితో ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగులకు సంబంధం లేదు. లోపం అక్కడ కూడా కనిపిస్తే యంత్రాన్ని అనుమానించాలి. అక్కడ అంతా బాగుంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వెతకాలి.

బయోస్‌లోకి వెళ్ళడానికి ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ గాని, ఎఫ్2 గాని పదేపదే నొక్కాలి. కొన్ని కంపెనీలకు ఎఫ్10, ఎస్కేప్ వంటివి ఉంటాయి. చూసిన తరువాత ఏమీ మార్చకుండా, సేవ్ చేయకుండా బయటికి రండి.

గడియారం ఎలా నడుస్తుంది?

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం మనల్నే అడిగేది. 1984లో వచ్చిన పీసీ ఏటీలో బ్యాటరీతో నడిచే గడియారం మదర్‌బోర్డు మీదికి చేరింది. ఇలాంటి గడియారంలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఇది 2 యొక్క 15వ ఘాతం. పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకు ఒకటి మిగులుతుంది. సాధారణంగా దీనికి ఆధారం సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ. 20 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం.

తేదీ తప్పితే సైటు ఎందుకు తెరుచుకోదు? ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ చాలా ఏళ్ళ కిందటి తేదీ చూపిస్తుంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని బ్రౌజర్ అడ్డుకుంటుంది. హెచ్చరికను దాటేసి ముందుకు వెళ్ళకండి. ముందు తేదీ సరిచేయండి.

లక్షణాన్ని బట్టి కారణం

1. రాత్రి గోడ స్విచ్ ఆపేస్తే ఉదయానికి తేదీ వెనక్కి పోతోందా? బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. డెస్క్‌టాప్‌ను షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే కొద్దిపాటి కరెంటు అంది గడియారం నడుస్తుంది. అందుకే ఈ పరీక్ష చేయండి. సమయం సరిచేసి ఒక రాత్రి స్విచ్ ఆన్‌లో ఉంచండి, మరో రాత్రి ఆపండి. రెండు ఉదయాలూ బయోస్‌లోనే సమయం చూడండి. విండోస్‌లో చూస్తే, ఇంటర్నెట్ తగలగానే అది సమయం దిద్దుకుని లోపాన్ని దాచేస్తుంది. స్విచ్ ఆపిన రాత్రి మాత్రమే తప్పితే బ్యాటరీ మార్చాలి.

2. సరిగ్గా అయిదున్నర గంటల తేడా ఉందా? బ్యాటరీ జోలికి వెళ్ళకండి. భారత సమయం ప్రపంచ ప్రామాణిక సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంటే విండోస్ బయోస్ గడియారాన్ని స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ సాధారణంగా ప్రామాణిక సమయంగా చదువుతుంది. గొడవ అక్కడే. లినక్స్‌ను కూడా స్థానిక సమయంగా చదవమని అమర్చితే తీరిపోతుంది. విండోస్ ఒక్కటే ఉంటే టైమ్ జోన్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ అని ఉన్న వరుస ఎంచుకున్నారో లేదో చూడండి.

3. బయోస్‌లో సమయం సరిగా ఉండి, లోపలికి వెళ్ళాక తప్పుతోందా? సమయం దానంతటదే సరిచేసుకునే సెట్టింగు ఆన్ చేయండి.

బ్యాటరీ మార్చేటప్పుడు

ముందుగా బయోస్ సెట్టింగులను ఫోనుతో ఫొటో తీసుకోండి. బ్యాటరీ తీస్తే అవి మొదటికి రావచ్చు. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. కరెంటు వైరు పూర్తిగా పీకి, అదే నంబరు బ్యాటరీని కూడిక గుర్తు పైకి వచ్చేలా పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే మెకానిక్‌కు ఇవ్వడమే మేలు. తల్లిదండ్రులు గమనించాలి: బిళ్ళ బ్యాటరీని పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. అలా జరిగితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కీబోర్డు పరీక్షలు

ముందు ఖర్చులేనివి చూడండి. మన పిల్లలు బడి కోసం కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, ఇంటి కోసం తెలుగో కంప్యూటర్‌లో పెట్టుకుంటారు. తెలియకుండా భాష మారితే వేరే అక్షరాలు పడతాయి, పాస్‌వర్డు తప్పుతుంది. విండోస్ కీతో పాటు స్పేస్ నొక్కితే భాష మారుతుంది. అంకెల వరుస విడిగా లేని కొన్ని ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే యు, ఐ, ఓ కీలు 4, 5, 6 అవుతాయి. జే, కే, ఎల్ కీలు 1, 2, 3 అవుతాయి. ఎం కీ 0 అవుతుంది. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్‌ను ఆన్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. చూడకుండా ఒప్పుకుంటే ఆ తరువాత త్వరగా నొక్కిన కీలు పడవు.

ఇవన్నీ సరిగా ఉంటే బయోస్‌లో బాణం కీలు నొక్కి చూడండి. అక్కడా కదలిక లేకపోతే వైరును మరో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి, తరువాత వేరే కీబోర్డు తెచ్చి చూడండి. గుండ్రటి పిన్నుల పాత కీబోర్డయితే కంప్యూటర్ ఆపిన తరువాతే పీకి పెట్టాలి. బ్లూటూత్ కీబోర్డుకు ఈ పరీక్ష పనికిరాదు. అది బాగున్నా బయోస్‌లో పనిచేయకపోవచ్చు.

కొన్ని కీలు మాత్రమే పడకపోతే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి, ఇన్‌స్టాల్ చేయకుండానే టైపు చేయండి. అక్కడ అన్నీ పడితే లోపం పాత సిస్టమ్ సెట్టింగుల్లో ఉంది. అక్కడా పడకపోతే కీబోర్డులోనే ఉంది. కీల కింద తీగలు అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా ఉంటాయి. ఒక తీగ తెగితే ఆ వరుస కీలన్నీ ఒకేసారి ఆగిపోతాయి. అయినా ల్యాప్‌టాప్ పారేయనక్కరలేదు. యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే దరఖాస్తు పని ఆగదు. దరఖాస్తు మధ్యలో ఉన్నప్పుడు మౌస్‌తో నడిచే ఆన్-స్క్రీన్ కీబోర్డు కూడా ఆదుకుంటుంది.

అభ్యాసం

1. కరెంటు పోయిన రాత్రుల తరువాతే తేదీ తప్పుతోంది. కారణం ఏమిటి?
2. ఎం నొక్కితే 0 పడుతోంది. ఏం చేయాలి?
3. లైవ్ పెన్‌డ్రైవ్‌లో కూడా నాలుగు కీలు పడటం లేదు. విండోస్ మళ్ళీ వేయిస్తే లాభం ఉందా?

జవాబులు: 1. బ్యాటరీ. 2. నమ్ లాక్ తీసేయాలి. 3. లేదు, లోపం కీబోర్డులో ఉంది.

విద్యార్థులు ఈ వారమే ఒకసారి బయోస్ తెరిచి సమయం సరిచూసి, పుస్తకంలో రాసి పెట్టుకోండి. తల్లిదండ్రులు మరమ్మతుకు పంపే ముందు పిల్లలు చేసిన పరీక్షల ఫలితాలను మెకానిక్‌కు చెప్పండి. ఏ భాగం పాడైందో తెలిస్తే అనవసరంగా మరో భాగం మార్పించే అవసరం రాదు. ఆ మిగిలిన డబ్బు పుస్తకాలకు పనికొస్తుంది.