చవక దాణా ఎంత చవక?

గోల్‌బజార్‌లో చికెన్ కొనేటప్పుడు మనం కిలో ఎంత అని అడుగుతాం. ఆ కోడిని పెంచినవాళ్లు మాత్రం దాణా సంచి ఎంత అని అడుగుతారు. బ్రాయిలర్ కోడిని పెంచడానికి అయ్యే ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. కాబట్టి సంచి ధర పెరిగితే పెంపకందారుడికి నిద్ర పట్టదు.

మా స్నేహితుడి చిన్నాన్న గారు ఊరి చివర ఒక షెడ్డు వేసి 200 బ్రాయిలర్లు పెంచుతున్నారు. పోయినసారి దాణా ధర పెరిగిందని కొన్న దాణాలో తవుడు కలిపారు. కోళ్లు బాగానే తిన్నాయి గానీ అనుకున్న బరువు రాలేదు. అప్పు చేసి తెచ్చిన పిల్లలవి. ఇంకోసారి ఇలాగే అయితే షెడ్డు మూసేస్తానన్నారు. 12వ తరగతి గణితంలో లీనియర్ ప్రోగ్రామింగ్ పాఠం చదువుతున్నాం కదా, లెక్క మేము వేస్తామన్నాం. “ఏట్రా, మీ లెక్కల పుస్తకంలో కోడి కూడా ఉంటాదేటి?” అని నవ్వారు. కోడి లేదు గానీ, తక్కువ ఖర్చులో సరిపడా పోషకాలు ఇచ్చే ఆహారం ఏది అన్న సమస్య ఆ పాఠంలో ఉంది.

ముందు కోడికి ఏం కావాలో చూద్దాం. భారతీయ ప్రమాణాల సంస్థ బ్రాయిలర్ దాణాను మూడు రకాలుగా చెబుతుంది. మొదటి రోజుల ప్రీ స్టార్టర్‌లో మాంసకృత్తులు 23 శాతం, శక్తి కిలోకు 3000 కిలోకేలరీలు ఉండాలి. స్టార్టర్‌లో 22 శాతం, 3100. చివరి దశ ఫినిషర్‌లో 20 శాతం, 3200. పిల్ల పెరిగేకొద్దీ మాంసకృత్తుల శాతం తగ్గుతుంది, శక్తి పెరుగుతుంది. మేము ఫినిషర్‌నే తీసుకున్నాం. కోడి ఎక్కువగా తినేది అప్పుడే.

మన దేశంలో దాణాకు ఆధారం మొక్కజొన్న, సోయా చెక్క. మొక్కజొన్నలో మాంసకృత్తులు సుమారు 9 శాతం, శక్తి 3350. సోయా చెక్కలో మాంసకృత్తులు 45 శాతం, శక్తి 2300. ఒకటి శక్తికి, ఇంకొకటి కండకు అనుకోవచ్చు. నూరు కిలోల దాణాలో 5 కిలోలు నూనెకు, 3 కిలోలు ఉప్పు, సున్నపురాయి పొడి, డైకాల్షియం ఫాస్ఫేట్, విటమిన్లు వగైరాలకు పక్కన పెట్టాం. మిగిలింది 92 కిలోలు. ఆ 92లో 20 కిలోల మాంసకృత్తులు రావాలంటే మిశ్రమం 21.74 శాతం ఉండాలి.

దీనికి పియర్సన్ చతురస్రం అనే చిన్న ఉపాయం ఉంది. చతురస్రం మధ్యలో 21.74 రాయండి. ఎడమవైపు పై మూలలో మొక్కజొన్న 9, కింది మూలలో సోయా 45. ఇప్పుడు మూల నుంచి మూలకు అడ్డంగా తీసివేయండి. 45 నుంచి 21.74 తీస్తే 23.26, ఇది మొక్కజొన్న పాలు. 21.74 నుంచి 9 తీస్తే 12.74, ఇది సోయా పాలు. రెండూ కలిపితే 36. ఆ నిష్పత్తిలో 92ను పంచితే మొక్కజొన్న 59.4 కిలోలు, సోయా 32.6 కిలోలు. నూనెకు కిలోకు 8800 చొప్పున వేసి శక్తి మొత్తం కూడితే కిలో దాణాకు 3180 దాకా వచ్చింది. 3200కు కొద్దిగా తక్కువ, ఫరవాలేదు అనుకున్నాం.

ఇక ధరలు. ఇవి లెక్క కోసం మేము అనుకున్నవి, మీ ఊళ్లో వేరేగా ఉంటాయి. మొక్కజొన్న కిలో 25 రూపాయలు, సోయా చెక్క 45, నూనె 120, ఉప్పూ ఖనిజాలూ అన్నీ కలిపి 200. నూరు కిలోలకు 3752 రూపాయలు, అంటే కిలో 37.52.

ఇప్పుడు చిన్నాన్న గారి పని చేసి చూశాం. మేదినీపూర్ వరి పండే ప్రాంతం, బియ్యం మిల్లులకు కొదవ లేదు. నూనె తీసిన తవుడు కిలో 17 అనుకున్నాం. అందులో మాంసకృత్తులు 15 శాతం, మొక్కజొన్న కంటే ఎక్కువే. కానీ శక్తి సుమారు 2000 మాత్రమే. 15 కిలోల మొక్కజొన్న తీసి అంత తవుడు వేస్తే కిలో దాణా 36.32 అయింది. యాభై కిలోల సంచికి 60 రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది.

ఇక్కడే ఉంది చిక్కు. కోడి చాలావరకు శక్తి కోసం తింటుంది. దాణాలో శక్తి తగ్గితే ఆ లోటు పూడ్చుకోడానికి ఇంకాస్త తింటుంది. ఒక కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా తిన్నదీ లెక్కగట్టేదాన్ని మేత మార్పిడి నిష్పత్తి అంటారు. మొదటి దాణాతో అది 1.7 అనుకుంటే కిలో కోడికి దాణా ఖర్చు 63.78 రూపాయలు. తవుడు కలిపిన దాణాలో శక్తి 2977కి పడిపోయింది కాబట్టి నిష్పత్తి 1.82 దగ్గరికి వెళ్తుంది. అప్పుడు ఖర్చు దాదాపు 66 రూపాయలు! సంచి చవకైంది, కోడి ఖరీదైంది.

ఇది చెబుదామని ఉత్సాహంగా బయలుదేరబోతుంటే మా లెక్కల సారు ఆపారు. తవుడులో మాంసకృత్తులు ఎక్కువని మీరే రాశారు, మరి సోయా ఎందుకు తగ్గించలేదు అన్నారు. నిజమే, మర్చిపోయాం. సోయా రెండున్నర కిలోలు తగ్గించి, ఆ మేరకు మొక్కజొన్న వేస్తే మాంసకృత్తులు సరిగ్గా మునుపటంతే ఉన్నాయి, శక్తి 3003కు పెరిగింది, కిలో దాణా 35.82కు దిగింది. నిష్పత్తి 1.8. కిలో కోడికి 64.47. నష్టం ఇప్పుడు రెండు రూపాయలు కాదు, 70 పైసలే. ఇదే పద్ధతిలో వెనక్కి వెళ్లి చూస్తే, తవుడు కిలో పద్నాలుగున్నర కంటే తక్కువకు దొరికితే అది లాభమే! కాబట్టి తవుడు చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. చిన్నాన్న గారి తప్పు తవుడు కలపడం కాదు, సరిచూసి చేసిన దాణాలో కొలత లేకుండా కలపడం.

మేము రెండు మూడు సరుకులకే ఇంత తిప్పలు పడ్డాం. సరుకులు పది, నియమాలు ఇరవై ఉంటే? 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త 77 ఆహార పదార్థాలతో, 9 పోషకాలతో మనిషికి అతి చవక భోజనం లెక్క వేశాడు. ఏడాదికి 39.93 డాలర్లు అని ఉజ్జాయింపుగా తేల్చాడు. 1947లో జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక, అదే సమస్యను చేతి యంత్రాలతో తొమ్మిది మంది గుమాస్తాలు చేశారు. ఒక్క మనిషి చేస్తే 120 రోజులు పట్టే పని అది. వచ్చిన జవాబు 39.69 డాలర్లు. తేడా 24 సెంట్లు! ఇప్పుడు దాణా మిల్లుల్లో కంప్యూటర్ ఆ పనిని క్షణంలో చేస్తుంది, ధర మారినప్పుడల్లా మళ్లీ చేస్తుంది.

మాంసకృత్తులు 20 శాతం ఉన్నంత మాత్రాన సరిపోదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. మొక్కజొన్నలో లైసిన్ తక్కువ, సోయాలో మెథియోనిన్ తక్కువ. పొట్టి పలక ఉన్న పీపాలో ఆ పలక ఎత్తువరకే నీళ్లు నిలిచినట్టు, ఏది తక్కువైతే పెరుగుదల అక్కడే ఆగుతుంది. అందుకే ఆ రెండింటినీ గ్రాముల్లో విడిగా కలుపుతారు. సోయాను కూడా పచ్చిగా వేయకూడదు. జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం అందులో ఉంటుంది, వేడి చేస్తేనే అది పోతుంది.

విటమిన్ల సంగతికొస్తే మన చరిత్రలోనే కోళ్లు ఉన్నాయి. 1890ల్లో జావాలో క్రిస్టియాన్ ఐక్మాన్ అనే డచ్చి వైద్యుడి కోళ్లు ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం తిని కాళ్లు పడిపోయాయి. కొత్త వంటవాడు వచ్చి, కోళ్లకు ఆ అన్నం పెట్టనన్నాడు. పైపొర తీయని బియ్యం పెట్టాక అవి కోలుకున్నాయి. ఆ తవుడు పొరలో ఉన్నది బి1 విటమిన్. ఐక్మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన డైరెక్టరుగా ఉన్న లెడర్లే ప్రయోగశాలలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. 1948లో ఆయన చనిపోయాక, అక్కడి స్టోక్‌స్టాడ్, జూక్స్ ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి త్వరగా పెరిగాయి. అప్పటినుంచి దాణాలో యాంటీబయాటిక్ కలపడం ప్రపంచమంతా పాకింది. తర్వాత మందులకు లొంగని సూక్ష్మజీవుల భయం పట్టుకుంది. ఐరోపా సమాఖ్య 2006లో పెరుగుదల కోసం వాటిని కలపడం ఆపేసింది. మన దేశం 2019లో కోలిస్టిన్ అనే మందును కోళ్లకూ పశువులకూ వాడకుండా నిషేధించింది. చిన్నాన్న గారికి ఎవరో చెప్పిన “బరువు పొడి” ఏమిటో తెలియకపోతే కలపవద్దని మేము ఖచ్చితంగా చెప్పాం.

ఇంకో సంగతి మన వానాకాలానికి బాగా వర్తిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. చివరికి దొరికిన దొంగ, దాణాలోని వేరుశనగ చెక్కకు పట్టిన బూజు. అది చేసే విషం అఫ్లాటాక్సిన్. వండినా ఎండబెట్టినా అది పోదు. చెమ్మ ఉన్న మొక్కజొన్నకూ అదే బూజు పడుతుంది. చవకగా దొరికిందని బూజు వాసన వచ్చే గింజలు కొంటే ఏ లెక్కా కాపాడదు. సంచులు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టాలి.

ఖరగ్‌పూర్‌లో సరిపోయిన ఈ పాళ్లు బదిలీ మీద మీ నాన్నగారితో వెళ్లే ఊళ్లో సరిపోకపోవచ్చు. బీహార్‌లో పూర్ణియా దగ్గర గులాబ్‌బాగ్ మొక్కజొన్నకు పెద్ద మార్కెట్. అక్కడ మొక్కజొన్న చవక, ఇండోర్ వైపు సోయా చవక, ఇక్కడ తవుడు చవక. లెక్క వేసే పద్ధతి మారదు, ధరల గడి మాత్రం కొత్తగా నింపుకోవాలి.

మా కాగితం చూసి చిన్నాన్న గారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ తీసి తవుడు మిల్లుకు చేసి, పది బస్తాలు తీసుకుంటే కిలో ఎంతకిస్తారో అడిగారు. పదిహేను అన్నాడట. “ఇంకొక అర్ధ రూపాయి తగ్గించమను బాబాయ్,” అన్నాడు మా స్నేహితుడు.