తాళము వేసిన యోగశాల

గడచిన మాసమున మందస ప్రాంతమునుండి ఒక వృద్ధురాలు నాయొద్దకు వచ్చి, చేతిసంచిలోనుండి రెండు కాగితములు తీసి బల్లమీద పెట్టినది. మొదటిది నున్నని రంగుల కరపత్రము: పచ్చికమీద పద్మాసనమున కూర్చున్న నెరసిన తలలు, వెనుక ఫిజియోథెరపీ గది, అడుగున ‘నెలనెలా రక్తపరీక్ష, నిత్యము వైద్యుని రాక, గ్రంథాలయము, భజన మందిరము’ అను వరుస. రెండవది తన మూడెకరముల కొబ్బరి, జీడి తోటను కుమారునికి దానముగా వ్రాసియిచ్చిన దస్తావేజు నకలు. తోట చేతికి వచ్చిన పిమ్మట కుమారుడు ఆమెను ఆ కరపత్రము అచ్చువేసిన వృద్ధుల వసతిగృహమున చేర్చి, నెలనెలా రుసుము కట్టు ఏర్పాటు చేసి, తాను ఓడపనికి వెడలిపోయినాడు. ఎనిమిది నెలలలో ఆ యోగశాల తలుపు తెఱచినది రెండే మారులట; ఆ రెండును క్రొత్తగా చేరగోరువారు చూడవచ్చిన దినములట. తక్కిన కాలమంతయు విరిగిన మంచములు అందు పేర్చి తాళము వేసిరి. ఇప్పుడామె చెల్లెలి పంచన నున్నది. “నా చేతుల్తోనే రాసిచ్చీసినాను గదా బాబూ, ఇంకేటడుగుతాను?” అన్నది.

ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఇసుకనేలలలో కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడన పెరిగిన బిడ్డలు పొట్టచేతబట్టుకొని ఊళ్లు విడుచుట ఇక్కడ క్రొత్త కాదు గాని, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను ఒక్కరాత్రిలో తోటలను నేలగూల్చిన తరువాత, చెట్టు మరల కాపునకు వచ్చువఱకు ఆగలేక వలసపోయినవారెందఱో కలరు, మిగిలినవారు ముసలివారు. వారికి తోడు, కారణమింకను నిర్ధారణ కాని మూత్రపిండవ్యాధి. కావున నగరవాసులు ‘వెల్‌నెస్’ అను పేరున వినోదముగా భావించునది ఉద్దానపు వృద్ధునికి ప్రాణావసరము: శుద్ధజలము, క్రియాటినిన్ పరీక్ష, కొలిచి వేసిన ఉప్పు, డయాలసిస్‌కు పలాసకో సోంపేటకో చేర్చు వాహనము. ఈతకొలను చిత్రము చూచి మురిసెడు కుమారులు ఈ నాలుగింటిని ముందుగా అడుగవలెనని నా మనవి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. అరువది యేండ్లు నిండిన ప్రతి భారతపౌరుడును దాని దృష్టిలో వయోవృద్ధుడే. ఆ చట్టపు పేరులోనే రెండు మాటలున్నవి, వాటిని ఒకటిగా చదివి పలువురు నష్టపోవుచున్నారు. పోషణమనగా అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము. ఇది బిడ్డలనుండి రాబట్టుకొనదగినది. సంక్షేమమనగా ఆహారము, ఆరోగ్యరక్షణ, వినోదకేంద్రములు, వృద్ధులకు అవసరమైన ఇతర సదుపాయములు. ఈ నిర్వచనము రెండవ సెక్షనులోనే కలదు. అనగా, ముసలితనమున మనస్సునకు కావలసిన ఉల్లాసము దయగలవారు చేయు ధర్మము కాదు. శాసనకర్తలు దానిని అన్నము సరసనే కూర్చుండబెట్టిరి.

19వ సెక్షను, నిరుపేదలైన వృద్ధులకొఱకు జిల్లాకొకటికి తక్కువ కాకుండ, కనీసము 150 మందికి చాలు ఆశ్రమములను రాష్ట్రప్రభుత్వము స్థాపింపవచ్చునని చెప్పి, వాటి నిర్వహణప్రమాణములలో వైద్యముతోపాటు వినోదసాధనములను గూడ చేర్చినది. ఈ ‘వచ్చును’ అను క్రియారూపమే వృద్ధులకు చేటైనది. ‘వలెను’ అని యుండినచో ఎన్ని జిల్లాల స్థితి మారియుండెడిదో! అయినను 2018 డిసెంబరు 13న అశ్వనీకుమార్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, గౌరవముతో బ్రదుకుట, తలదాచుకొనుట, ఆరోగ్యము అను మూడును వృద్ధుల రాజ్యాంగహక్కులేయని పలికి, జిల్లాలవారీగా వృద్ధాశ్రమముల వివరము సేకరింపుమని కేంద్రమును ఆదేశించినది. ఇక 20వ సెక్షనులో క్రియ గట్టిది: ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు వేఱు వరుసయు, సాధ్యమైనంతవఱకు పడకలును, దీర్ఘవ్యాధుల చికిత్సకును పరిశోధనకును విస్తరణయు ఉండునట్లు ప్రభుత్వము చూడవలెను. 2023 డిసెంబరు 14న పలాసలో ప్రారంభమైన 200 పడకల మూత్రపిండవ్యాధి ఆసుపత్రి, పరిశోధనాకేంద్రము మెట్లెక్కునపుడు ఏ వృద్ధుడును బిచ్చమడుగువానివలె వంగి నిలువనక్కఱలేదు.

రుసుము పుచ్చుకొను వసతిగృహముల మాట వేఱు. అక్కడ కరపత్రమే మొదటి సాక్ష్యము. ‘ఫిజియోథెరపీ సదుపాయము కలదు’ అని అందులో నుండును. వ్యాకరణమున ‘కలదు’ అనునది ఉన్నదానిని చెప్పు మాట. కరపత్రములలో రాబోవుదానిని, ఒక్కొక్కప్పుడు ఎన్నటికిని రానిదానిని చెప్పు మాట. కావున ఒప్పందపత్రమున ఆ వాక్యమును విప్పి వ్రాయించుకొనుడు: వారమునకు ఎన్ని దినములు, ఎంతసేపు, ఎవరు చేయుదురు, నెల రుసుములో చేరినదా, వేఱుగా కట్టవలెనా, రాత్రివేళ ఊపిరాడకున్నచో ఏ ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోవుదురు, డయాలసిస్‌కు బండి ఎవరిది, మధ్యలో విడిచిపోయినచో ధరావతు ఎన్ని దినములలో తిరిగి వచ్చును. ఇవి అడిగినపుడు నిర్వాహకుని ముఖము ముడుచుకొన్నచో, ఆ ముడుతయే మీకు కావలసిన సమాధానము.

మాట తప్పినవారిమీద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. డబ్బు కట్టినది కుమారుడే యైనను, అతని సమ్మతితో ఆ సేవ పొందిన తల్లియు చట్టదృష్టిలో వినియోగదారే. గృహము విశాఖలో నున్నను హైదరాబాదులో నున్నను, ఫిర్యాది నివసించుచోటనే, అనగా మనకు శ్రీకాకుళముననే, దాఖలు చేయు వీలు ఈ చట్టము క్రొత్తగా కల్పించినది. చెల్లించిన మొత్తము ఐదు లక్షలకు లోపైనచో రుసుము లేదు, గడువు రెండేండ్లు. వృద్ధుల కాలనీలో ఇల్లు కొన్నవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టపు 12వ సెక్షను గూడ అండ: ప్రకటన నమ్మి సొమ్ము కట్టి మోసపోయినవాడు పరిహారము పొందవచ్చును, వైదొలగదలచినచో వడ్డీతో సొమ్ము వెనుకకు అడుగవచ్చును.

ఇక తోట మాట. మొదట చెప్పిన 2007 నాటి చట్టము క్రింద పోషణ కోరు అర్జీని రెవిన్యూ డివిజను అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునల్ వినును. మందసవారికి పలాస, సంతబొమ్మాళివారికి టెక్కలి. వకీలు లేకుండనే నడుపుకొనవచ్చును. నోటీసు అందిన 90 దినములలో తేల్చవలెను. పైన అప్పీలు కలెక్టరు అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌కు. నడువలేనివారు వృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేసిన దారి చెప్పుదురు. 23వ సెక్షను మఱింత పదునైనది: తనకు కనీస సదుపాయములు, శరీరావసరములు సమకూర్చవలెనను షరతుతో వృద్ధుడు ఆస్తి నిచ్చి, పుచ్చుకొన్నవాడు ఆ షరతు తప్పినచో, ఆ దానము మోసముచేతనో ఒత్తిడిచేతనో జరిగినట్లు భావించి ట్రిబ్యునల్ రద్దుచేయవచ్చును. అయితే షరతు ఉండవలెను. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సంగతిని నిష్కర్షగా చెప్పినది.

అందుచేత ఆమె దస్తావేజును మొదటి పుటనుండి చివరివఱకు రెండుమారులు చదివితిని. ‘ప్రేమాభిమానములచేత’ అను మాట మూడుచోట్ల కలదు. షరతు ఒక్కచోటను లేదు. ఈ సంగతి ఆమెతో ఎట్లు చెప్పుదునా యని తటపటాయించుచు, 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ వ్యాజ్యమున వెలువడిన తీర్పును తలచుకొంటిని. అందు తల్లి వ్రాసిన దానపత్రముతోపాటు, ఆమెను చూచుకొందునని కుమారుడు అదే దినమున వ్రాసియిచ్చిన వేఱొక పత్రమును గూడ కలిపి చదివి, వృద్ధుల మేలుకొఱకు పుట్టిన చట్టమును ఉదారముగా అన్వయింపవలెనని సుప్రీంకోర్టు దానమును రద్దుచేసినది.

“రిజిస్ట్రాఫీసు నాడు మీవాడు మఱేమైన వ్రాసియిచ్చినాడా అమ్మా?” అని అడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, సంచి అడుగున రక్తపరీక్ష కాగితముల నడుమ నాలుగు మడతలుగానున్న ఒక తెల్లకాగితము తీసినది. తోట ఫలసాయములో సగము అమ్మకు ఇత్తుననియు, మందులు మాకులు తానే చూచుకొందుననియు, కుమారుని చేవ్రాలుతో అందు నాలుగే పంక్తులు. క్రింద తేదీ చూచితిని, దస్తావేజు తేదీయే.