గడ్డి దుమ్ము, వయ్యారిభామ, రొయ్య: పొలం పనుల్లో అలర్జీని గుర్తుపట్టడం ఎలా?

వీడియోలో గడ్డిమేటు విప్పుతుంటే తెల్లటి పొడి పొగలా లేవడం చూశారు కదా. అక్కడ రెండు ముక్కలే చెప్పగలిగాను, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చాక "మందులు మానేశాం, ఇక అలర్జీలు ఉండవు" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పురుగుమందుతో వచ్చే మంటలు, తలనొప్పులు తగ్గుతాయి, నిజమే. కానీ పుప్పొడి, బూజు, రొయ్య అన్నీ సహజమైనవే కదండీ! మామూలుగా హాని చేయని పదార్థాన్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువు అనుకుని తిరగబడటమే అలర్జీ. 1906లో వియన్నా డాక్టరు ఫాన్ పిర్కే ఈ పేరు పెట్టాడు. అందుకే ఒకే కళ్లంలో పదిమంది పనిచేస్తే ఒకరిద్దరికే తుమ్ములు పట్టుకుంటాయి.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు మీదుగా కొల్లేరు లంకల దాకా సార్వా కోతలంటే నవంబరు, డిసెంబరు. పొద్దున్నే మంచు. ఆ తడి ఆరకుండా గడ్డి కట్టి మేటు వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. తర్వాత ఆ గడ్డినే మనం ఆచ్ఛాదనగా పరుస్తాం, గేదెలకు వేస్తాం. విప్పగానే లేచే తెల్లపొడి ఒట్టి మట్టి కాదు. అందులో బూజు బీజాలు, వేడిలో పెరిగే సూక్ష్మజీవులు ఉంటాయి.

దీనితో రెండు రకాల ఇబ్బంది. మొదటిది తెలిసిందే: వెంటనే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, ఆస్తమా ఉన్నవాళ్లకి పిల్లికూతలు. రెండోది మోసకారి. పనిచేసేటప్పుడు ఏమీ ఉండదు. నాలుగు నుంచి ఎనిమిది గంటలు గడిచాక, అంటే రాత్రికి, చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం. ఒకట్రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. "మంచులో తిరిగావు, పడిశెం పట్టింది" అంటారు ఇంట్లో. మళ్లీ గడ్డి విప్పితే మళ్లీ వస్తుంది. దీన్ని ఫార్మర్స్ లంగ్ అంటారు. బూజు గడ్డితో పనిచేసిన ఇంగ్లండు రైతుల్లో దీన్ని గమనించి క్యాంప్‌బెల్ అనే డాక్టరు 1932లో రాశాడు. ఏళ్ల తరబడి సాగితే ఊపిరితిత్తులు గట్టిపడిపోవచ్చు, ఆ నష్టం పూడదు. కాబట్టి గడ్డి పని చేసినప్పుడల్లా జ్వరం వస్తుంటే ఆ మాట డాక్టరుకి మీరే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు. ఏ రోజు ఏ పని చేశారో, ఎన్ని గంటలకు దగ్గు మొదలైందో చిన్న పుస్తకంలో రాసుకెళ్తే ఇంకా మంచిది.

మంచు ఆరి గడ్డి కరకరలాడాకే కట్టండి. మేటు కింద దుంగలు వేసి ఎత్తు చేయండి. బూజు పట్టినది విప్పాల్సివస్తే ముందు నీళ్లు చల్లండి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. అది పశువులకు వద్దు, కంపోస్టుకు వేయండి. తలకు చుట్టుకునే తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే పెద్ద దుమ్మే ఆగుతుంది, బూజు బీజాలు ఆగవు. మా పొలంలో ఈ పనికి ఎన్-95 మాస్కు తప్పనిసరి చేశాను. ఆస్తమా ఉన్నవాళ్లకి అసలు ఈ పని చెప్పను.

గట్ల మీది వయ్యారిభామ సంగతి వేరు. 1955లో పూణేలో మొదటగా గమనించిన ఈ మొక్క ఇప్పుడు లేని ఊరు లేదు. దీనిలోని పార్థెనిన్ వల్ల కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో దురద, దద్దుర్లు వస్తాయి. ఎండిన మొక్క పొడి గాలికి తగిలినా చాలు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకుని పీకండి.

అగ్నాస్త్రం కాచేటప్పుడు వచ్చే దగ్గు మాత్రం అలర్జీ కాదు. మిర్చి, పొగాకు, వెల్లుల్లి ఘాటు ఎవరికైనా తగులుతుంది. కానీ ఆస్తమా ఉన్నవాళ్లకి ఆ ఆవిరే ఆయాసం తెప్పించగలదు. ఆరుబయట, మూతపెట్టి కాయండి.

ఇక రొయ్య. చెరువులున్న ఊళ్లలో ఇది పడనివాళ్లు కూడా మొహమాటానికి తింటారు. "బాగా ఉడికిస్తే ఏం కాదు" అన్న మాట నమ్మకండి. అలర్జీ తెప్పించే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను ఉడికించినా పోదు, ఎండు రొయ్యల్లోనూ ఉంటుంది. చేపది వేరే ప్రోటీను. రొయ్య పడనంత మాత్రాన శీలావతి, కొరమీను మానేయక్కర్లేదు, డాక్టరుని అడిగి తేల్చుకోండి.

రొయ్య తిన్నాకో, కందిరీగ కుట్టాకో పెదాలు, నాలుక వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా కషాయాలు, చిట్కాలు వద్దు. సెట్రిజిన్ బిళ్ల వేసి చూద్దామని కూర్చోవద్దు. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, నిమిషాల్లో పడాలి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోగా మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి. లేపి నడిపించకండి.

తడిపి మేటు విప్పే పద్ధతి వచ్చే వీడియోలో చూపిస్తానండి.